గీతకి ఇవతల కుర్చీ

కొత్తగా ఉద్యోగంలో చేరిన పి.ఇ.టి. అమ్మాయిలు అప్పుడప్పుడు నాకు ఫోన్ చేస్తుంటారు. ముందు నా ఆరోగ్యం అడుగుతారు, తర్వాత మా ఊళ్ళో వానలు అడుగుతారు, ఆ తర్వాత గొంతు తగ్గించి, "మేడం, కడుపుతో ఉన్నప్పుడు గ్రౌండు ఎలా చేసేవారండి?" అంటారు. ఆ గొంతు తగ్గడంలోనే నాకు సంగతి తెలిసిపోతుంది. "ఎన్నో నెలమ్మా?" అంటాను. "అబ్బే, ఊరికే జనరల్‌గా అడిగానండి" అంటారు. జనరల్‌గా ఎవరూ కడుపుతో ఉండరు తల్లీ.

ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక ఇప్పుడు నాకు లేదు. అందుకే అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. మందులూ మాత్రలూ మీ డాక్టరు చెబుతుంది, అవి నన్నడగకండి. డాక్టరు చెప్పనివి, అంటే హెడ్మాస్టరు, లెక్కల మాస్టారు, అత్తగారు అనే మూడు రకాల ఉపద్రవాల గురించి నేను చెబుతాను.

తొంభైలలో మాట. అంబాజీపేటకి కాస్త దూరంలో ఒక హైస్కూల్లో నేను డ్రిల్లు టీచర్ని. ఆ చుట్టుపక్కల స్కూళ్ళన్నిటికీ కలిపి ఆడ డ్రిల్లు టీచరంటే నేనొక్కదాన్నే. మా గ్రౌండుకి మూడు వైపులా కొబ్బరి తోటలు, నాలుగో వైపు పంట కాలువ. బంతి తోటలో పడితే తోట యజమాని తిట్టేవాడు, కాలువలో పడితే అదే కొట్టుకుపోయేది. అందుకని బంతి అక్కర్లేని ఆటలే మాకు బాగా వచ్చాయి. ఖోఖోలో మా ఆడపిల్లల్ని మించినవాళ్ళు లేరు.

ఆట నోటితో చెప్పడం నాకు చేతనయ్యేది కాదు. "చూడండే" అని కుచ్చిళ్ళు ఎగ్గట్టి నేనే పరిగెత్తేదాన్ని. కోపం కూడా ఎక్కువే. పోటీల్లో రిఫరీ తప్పు చెప్పాడా, నేను కోర్టు మధ్యలో ఉండేదాన్ని. నన్ను చూడగానే కొందరు రిఫరీలు ముందే మంచినీళ్ళు తాగేసేవారు.

పెళ్ళయిన మరుసటేడు నాకు కడుపు వచ్చి, మూడో నెల నిండకుండానే పోయింది. ఆ ముందు వారమే స్పోర్ట్స్ డే అయింది. మా అత్తగారు పక్కింటివాళ్ళతో, ఎదురింటివాళ్ళతో, చివరికి పాలవాడితో కూడా ఒకే మాట అన్నారు. "ఆ గెంతులే కొంప ముంచేశాయండి." నాకు వినబడేలాగే అన్నారు. రాత్రిళ్ళు పడుకుని నేను కూడా అదే అనుకునేదాన్ని. ఆ పరుగు పరిగెత్తకపోయుంటే, ఆ తాడు దాటకపోయుంటే అని. ఏడుపు రాని రోజు ఉండేది కాదు.

రెండోసారి నెల తప్పినప్పుడు ఆవిడ సూటిగా చెప్పారు. "ఈసారి ఉద్యోగం మానేసేయమ్మాయ్. పిల్ల ముఖ్యమా, ఖోఖో ముఖ్యమా?" మా ఆయన అటు తల్లిని, ఇటు నన్ను చూసి, "డాక్టర్నే అడుగుదామే" అని తప్పించుకున్నారు. ముగ్గురం అమలాపురంలో లేడీ డాక్టరు దగ్గరికి వెళ్ళాం.

ఆవిడ మాట కరుకు, చెయ్యి మెత్తన. అంతా పరీక్ష చేసి అంది: "పరిగెత్తకు, గెంతకు, బరువులెత్తకు. ఎండలో నిలబడకు. దాహం వేసేదాకా ఆగకుండా నీళ్ళు తాగు. బురదలో అడుగు పెట్టకు, జారితే కష్టం. ఆడే పిల్లలు వచ్చి గుద్దుకునేంత దగ్గర్లో ఉండకు, గీతకి ఇవతలే ఉండు. నొప్పొచ్చినా, రక్తం కనిపించినా, కళ్ళు తిరిగినా బెల్లు కొట్టేదాకా చూడకు, వెంటనే నా దగ్గరికి రా. నడవడం మంచిదే. అరవడం నువ్వెలాగూ మానవు."

"ఉద్యోగం మానిపించేయమంటారాండి?" అని మా అత్తగారు ఆశగా అడిగారు.

"ఉద్యోగం కాదండి, గెంతులు మానిపించండి. ఇంకోమాట. అప్పుడు పోయింది ఈవిడ పరిగెత్తినందుకు కాదు. ఆ నెలల్లో పోయేవాటికి చాలావరకు కారణం లోపలే ఉంటుంది. ఎవరూ ఏమీ చేయలేరు."

మా అత్తగారు గోడమీది క్యాలెండరు వంక చూస్తూ ఆ మాట విన్నారు. ఇంటికొచ్చాక మాత్రం తన షరతు తను పెట్టారు. "డిసెంబర్లో ఆ పోటీలేవో అయ్యేదాకా చూస్తాను. ఈలోపల నువ్వు ఒక్కసారి గెంతినట్టు నాకు తెలిసిందా, ఆ రోజుతో ఉద్యోగానికి నీళ్ళొదులుకోవాలి. మాటియ్యి." ఇచ్చాను. మా ఆయన సాక్షి. ఆవిడ నవ్వు చూస్తే నేను వారం కూడా ఆగలేనని ఆవిడకి గట్టి నమ్మకం ఉన్నట్టే ఉంది.

ఇంతవరకు బాగానే ఉంది. కానీ మా ఇంట్లో ఐదో నెలలో చలిమిడి పెట్టేదాకా కడుపు సంగతి బయటికి పొక్కకూడదు. దిష్టి తగులుతుందని. మరి స్కూల్లో హఠాత్తుగా పరుగు ఎందుకు మానేశానని చెప్పాలి? కాలు బెణికిందని చెప్పాను. అంతకంటే మంచి అబద్ధం నాకు తట్టలేదు. కుడి కాలికి గుడ్డ చుట్టుకుని కుంటుకుంటూ వెళ్ళాను.

మీరెప్పుడైనా కోనసీమలో కాలు బెణికిందని చెప్పి చూశారా? చెప్పకండి. స్కూలు ఆయా వేడి ఆముదం తెచ్చింది. తెలుగు మాస్టారు వాళ్ళావిడ చింతాకు కట్టు పంపింది. దారిలో ఎదురైన ప్రతి మనిషీ కాలు చూపించమనేవాడు. చివరికి మా హెడ్మాస్టారు, మహా దయాళువు, పక్క ఊళ్ళో బెణుకులు సరిచేసే ఒక పెద్దాయన్ని తన స్కూటరు మీద ఎక్కించుకుని స్టాఫ్‌రూమ్‌కే తీసుకొచ్చేశారు. పారిపోదామంటే బెణుకు లేదని తెలిసిపోతుంది. ఉంటే కాలు లాగేస్తాడు. కళ్ళు మూసుకుని కాలిచ్చాను.

ఆయన కాలు అటూ ఇటూ తిప్పి, బొటనవేలు టప్పుమనిపించి, "సరిపోయిందండి. రేపట్నించి లేడిపిల్లలా పరిగెట్టొచ్చండి" అన్నాడు. స్టాఫంతా చప్పట్లు కొట్టారు. హెడ్మాస్టారు ముఖం వెలిగిపోయింది. "ఇంకేమమ్మా, రేపట్నించి గ్రౌండులో దిగిపోండి" అన్నారు. లేని బెణుకు నయమైపోవడంతో నాకు దిక్కు తోచలేదు. మర్నాడు ఎడం కాలికి గుడ్డ కట్టుకుని వెళ్ళాను.

హెడ్మాస్టారు అయ్యో అన్నారు, స్టాఫు అయ్యయ్యో అన్నారు. మా ఖోఖో కెప్టెన్ మాత్రం, పదో తరగతి పిల్ల, పొడుగ్గా తాటిచెట్టులా ఉండేది, నా రెండు కాళ్ళనీ తీరిగ్గా చూసింది. "ఈసారి ఎడం కాలాండి టీచరు గారూ?" అంది.

"ఆఁ, ఏం?"

"ఏం లేదండి. మా అక్కక్కూడా మూడో నెల్లో ఇలాగే కాళ్ళు మార్చి మార్చి బెణికేయండి."

నేను నోరు తెరిచేలోగా మిగిలిన పిల్లలు నేలచూపులు చూశారు. అందరికీ తెలుసు. "ఎవరికైనా చెప్పేరా, చూడండి" అన్నాను. "ఆయ్, మాకు తెలీదండి. మీకు కాలు బెణికిందండి" అని ఒక్క గొంతుతో అన్నారు. నిజంగానే ఐదో నెల దాకా ఒక్క పిల్ల నోరు జారలేదు. నా కుంటు మరిచిపోయి నేను మామూలుగా నడుస్తుంటే వెనక నుంచి దగ్గి గుర్తుచేసేవాళ్ళు కూడా.

ఐదో నెలలో చలిమిడి పెట్టారు, సంగతి బయటపడింది, రెండు కాళ్ళూ ఒకేసారి నయమైపోయాయి. అప్పుడు అసలు శత్రువు బయల్దేరాడు. లెక్కల మాస్టారు.

డ్రిల్లు టీచర్లకి నేను వివరించక్కర్లేదు. వాన చినుకు పడితే డ్రిల్లు పీరియడు లెక్కలకి పోతుంది. పరీక్షలు వస్తున్నాయంటే పోతుంది. ఇప్పుడేకంగా నాకు కడుపు వచ్చింది. ఆయన పంచె సర్దుకుంటూ హెడ్మాస్టారి గదికి వెళ్ళాడు. "పాపం ఆవిడ అవస్థ చూళ్ళేకపోతున్నామండి. డ్రిల్లు పీరియడ్లు నేను చూసుకుంటానండి. ఆవిణ్ణి లైబ్రరీలో కూర్చోనివ్వండి." హెడ్మాస్టారికి కళ్ళు చెమర్చాయట. లెక్కల మాస్టారికి త్రికోణమితి ఇంకా మొదలే కాలేదేమని మాత్రం ఎవరూ అడగలేదు.

నేను వెళ్ళి చెప్పాను. "సార్, నాకు లైబ్రరీ వద్దండి. ఒక కుర్చీ ఇప్పించండి. గీతకి ఇవతల కూర్చుని ఆట చెబుతాను. పీరియడు మాత్రం వదలను." ఆయన ఆలోచించి, తనే స్వయంగా చేతుల కుర్చీ మోయించుకొచ్చి నీడ చూసి వేయించారు. ఆయనది మెట్ట ప్రాంతం. కోనసీమకి వచ్చి ఏడాదే అయింది. వేయించింది నిండుగా గెలలున్న కొబ్బరి చెట్టు కింద.

సరిగ్గా అప్పుడే మా అత్తగారు నాకు మధ్యాహ్నం అన్నం క్యారేజీ తీసుకుని గేటు దాటి వస్తున్నారు. ఆ కేకకి ఎనిమిదో తరగతి పాఠం ఆగిపోయింది. "ఏవండీ హెడ్మాస్టారు గారూ! గెంతితే ప్రమాదమని కూర్చోబెట్టి, నెత్తిమీద కొబ్బరికాయ పడేయిద్దామనుకున్నారాండీ?" ఆయన పైకి చూసి, కుర్చీ తనే ఎత్తుకుని పరుగు లాంటిది తీశారు. కుర్చీ బాదం చెట్టు కిందికి చేరింది. ఆ రోజు నుంచి మా అత్తగారికి స్కూలు మీద నమ్మకం పోయింది. భోజనాలయ్యాక ఇంటికి వెళ్ళడం మానేసి, నా పక్కన పీట వేసుకుని కాపలా కూర్చునేవారు.

కాపలా ఆవిడొక్కరిదే కాదు. విజిల్ ఊదితే కడుపు మీద పడుతుందని ఆవిడ, పడదని డాక్టరు. ఇంట్లో శాంతి కోసం విజిల్ కెప్టెన్‌కిచ్చేశాను. అది దాన్ని నామీదే ప్రయోగించింది. నేను ఆవేశపడి కుర్చీలోంచి లేవబోతే చాలు, కుయ్‌మని ఊది, "టీచరు గారు ఫౌలండీ!" అనేది. ఫౌలుకి శిక్ష ఒక కొబ్బరి బొండం తాగడం. బొండం కొట్టడానికి పిల్లలు పోటీ పడేవారు. మొదటి వారంలో నేను తాగినన్ని బొండాలు పెళ్ళివారు కూడా తాగి ఉండరు. సగం ఫౌళ్ళు దొంగ ఫౌళ్ళే. నేను తుమ్మినా ఊదేది ఆ దొంగముండ.

ఏడో నెలలో సీమంతం చేసి రెండు చేతులకీ మోచేతుల దాకా గాజులు తొడిగారు. ఇక నేను వేలెత్తినా గ్రౌండు అవతలికి వినబడేది. లేవాలనే ఆలోచన నాకు రాకముందే గాజులు చెప్పేసేవి, కెప్టెన్ ఊదేసేది.

ఒక విషయం మాత్రం నాకు కుర్చీలో కూర్చున్నాకే అర్థమైంది. నేను పరిగెత్తి చూపించినన్నాళ్ళూ పిల్లలు నన్ను చూసి మురిసిపోయారు గానీ, ఆట పూర్తిగా పట్టుకోలేదు. ఇప్పుడు చూపించడానికి లేదు. ఎందుకు అటు తిరగాలి, ఎప్పుడు ఖో ఇవ్వాలి, ఎక్కడ మోసం చేయాలి అన్నీ మాటల్లో పెట్టాల్సి వచ్చింది. నా మాటలు అర్థం కాక వాళ్ళలో వాళ్ళు వాదించుకుని, పోట్లాడుకుని, చేసి చూసుకునేవారు. రెండు నెలలకి వాళ్ళు నేను ఆడే ఆట కంటే మంచి ఆట ఆడారు. నాకు కాస్త కుళ్ళు కూడా వేసింది.

మా అత్తగారు పక్కన కూర్చుని గొణుగుతుండేవారు. "ఒకత్తి ఇటు తిరిగి, ఇంకోత్తి అటు తిరిగి కూర్చోడమేంటే? ఆటా, అలకా?" నేను చెప్పేదాన్ని. తరిమే జట్టు వరసగా అలా కూర్చుంటుంది, ఒక పిల్ల తరుముతుంది, తను వెళ్ళే వైపే వెళ్ళాలి తప్ప మధ్యలో వెనక్కి తిరగకూడదు, తిరగాలంటే కూర్చున్నదాని వీపు తట్టి ఖో అనాలి, అప్పుడది లేచి తరుముతుంది. "ఏం ఆటలో" అని ఆవిడ మళ్ళీ వత్తులు చేసుకునేవారు. వింటున్నారని నేననుకోలేదు.

పోటీలు అమలాపురంలో. వెళ్ళొచ్చా అని డాక్టర్నడిగాను. బస్సులో మధ్య సీట్లో కూర్చుని, దారిలో కుదుపులుంటే నెమ్మదిగా వెళ్ళమని చెప్పి సరే అంది. "నేనూ వస్తా" అన్నారు మా అత్తగారు. క్యారేజీ, మరచెంబు, దిండు, గొడుగు పట్టుకుని బయల్దేరారు. ఆ రోజుతో గడువు ముగుస్తుందని నాకూ తెలుసు, ఆవిడకీ తెలుసు, పిల్లలకీ తెలుసు. బస్సెక్కేముందు కెప్టెన్ నా దగ్గరికొచ్చి, "ఇవాళ మీరు లేవకండి టీచరు గారూ. మేం ఓడిపోయినా లేవకండి. మీరు పోతే మాకు లెక్కల మాస్టారేనండి" అంది. ఆ ముఖంలో నవ్వు లేదు.

మొదటి రెండు ఆటలూ సునాయాసంగా గెలిచారు. నేను గీతకి బాగా ఇవతల, షామియానా కింద గాజులు పట్టుకుని కూర్చున్నాను. ఫైనల్లో రాజోలు వైపు నుంచి వచ్చిన జట్టు. ఆఖరి నిమిషాలు. మాకంటే వాళ్ళు ఒక్క పాయింటే వెనక. మా కెప్టెన్ ఒక్కతే కోర్టులో మిగిలింది. అది ఔటు కాకుండా కాసేపు తప్పించుకుంటే కప్పు మాది.

వాళ్ళ పిల్ల తరుముతోంది. మాది ఒక్క అంగలో వరస దాటి అవతలికి జారుకుంది. అప్పుడు ఆ పిల్ల, ఎవరికీ ఖో ఇవ్వకుండా, ఉన్నపళంగా వెనక్కి తిరిగి చెయ్యి చాపి మా పిల్లని తాకేసింది. గ్రౌండంతా చూసింది. రిఫరీ చూళ్ళేదు. ఔటన్నాడు.

నా ఒళ్ళు మండిపోయింది. కాళ్ళు వాటంతటవే నేలని తన్నాయి. గాజులు గలగలమన్నాయి. కోర్టులోంచి కెప్టెన్ ఔటయిపోయానన్న సంగతి కూడా మరిచి నావైపు చూసి రెండు చేతులూ అడ్డంగా ఊపింది. సగం లేచాను. అప్పుడు నా భుజం మీద ఒక చెయ్యి పడి, బలంగా కిందికి నొక్కింది.

"కూర్చో" అన్నారు మా అత్తగారు.

కూర్చున్నాను. అయిపోయిందనుకున్నాను, ఆటా, ఉద్యోగమూ రెండూ. నేను తలెత్తి చూసేసరికి ఆవిడ నా పక్కన లేరు. కొంగు బొడ్లో దోపుకుని, ఒక చేత్తో గొడుగు, ఇంకో చేత్తో మరచెంబుతో గీత దాటి పరిగెడుతున్నారు. అంత వయసులో ఆవిడ పరిగెత్తగా నేనెప్పుడూ చూడలేదు. పీట మీంచి లేవడానికే మోకాళ్ళు పట్టుకునే మనిషి.

"ఏవండీ బాబూ! ఆ పిల్ల వెనక్కి తిరిగింది కదండీ! ఖో అనకుండా తిరిగితే ఫౌల్ కదండీ! కళ్ళకేటి అడ్డం వచ్చిందండీ మీకు?"

రిఫరీ బిత్తరపోయాడు. "మీరెవరండీ? కోచ్ ఎవరు?"

"కోచ్ అదిగో అక్కడ కూర్చుందండి. అది కదలకూడదండి. నేను కదలొచ్చండి."

గ్రౌండంతా గొల్లుమంది. రిఫరీ మాత్రం నవ్వలేదు. ఇచ్చిన తీర్పు మార్చనన్నాడు, పైగా బయటి మనిషి కోర్టులోకి వచ్చినందుకు మా జట్టుని హెచ్చరించాడు. దాంతో పాయింట్లు సమానమయ్యాయి, తర్వాత దిగిన మా పిల్లల్లో ఇంకొకర్నీ ఔటు చేశారు, ఆఖరికి ఒకే ఒక్క పాయింటుతో ఓడిపోయాం. మా అత్తగారిని ఇద్దరు వాలంటీర్లు మర్యాదగా పట్టుకుని తీసుకొచ్చి నా పక్కన కూర్చోబెట్టారు. ఆవిడ రొప్పుతూ మరచెంబులో నీళ్ళు తాగేశారు. నా కోసం తెచ్చినవి.

సాయంత్రం తిరుగు బస్సు. ముందు కొబ్బరికాయల లోడు లారీ ఒకటి వెళ్తుంటే దాని వెనకే మెల్లగా పోతోంది. పిల్లలు వెనక సీట్లలో మూతులు ముడుచుకున్నారు. నేను మధ్య సీట్లో దిండు మీద. పక్కన మా అత్తగారు. నేనే మొదలెట్టాను.

"మీ మాట ప్రకారం ఇవాళ్టితో గడువైపోయిందండి. నేను సగం లేచాను కూడా. మీ ఇష్టమండి."

"వచ్చే ఏడు మళ్ళీ వాళ్ళే వస్తారా?" అన్నారు.

"ఎవరండి?"

"ఆ రాజోలు వైపోళ్ళు."

"వస్తారండి."

"మరి నువ్వు మానేస్తే వాళ్ళని ఎవరు ఓడిస్తారు? ఆ లెక్కల మాస్టారా?"

నేను ఆవిడ వంక చూశాను. ఆవిడ నావంక చూడకుండా కిటికీ లోంచి లారీనే చూస్తున్నారు. కాసేపటికి, అదే గొంతుతో, పప్పులో ఉప్పు తక్కువైందన్నంత మామూలుగా అన్నారు: "అప్పుడు పోయింది నువ్వు పరిగెత్తినందుక్కాదే అమ్మాయ్. డాక్టరమ్మ చెప్పకముందే నాకు తెలుసు. మీ ఆయన పుట్టకముందు నాకూ ఒకటి పోయింది. నేనేం పరిగెత్తేను? వంటింట్లో కూర్చున్నాను. కానీ అంత దుఃఖానికి ఎవరినో ఒకర్ని అనాలనిపించిందే. నువ్వు దొరికేవు."

ఆ మాట కోసం నేను రెండేళ్ళు ఎదురు చూశానని నాకే అప్పుడు తెలిసింది. ఆపుకుందామంటే ఆగలేదు. బస్సులో అందరి ముందూ బావురుమన్నాను. గాజుల చేతులు ముఖానికి అడ్డం పెట్టుకుంటే అవి మరింత మోగాయి.

వెనక సీట్లోంచి విజిల్ కుయ్‌మంది. "టీచరు గారికి నొప్పులండీ! బస్సాపండీ!" పిల్లలంతా లేచి నిలబడ్డారు. డ్రైవరు ఠక్కున బ్రేకు వేయబోయి, నన్ను తలుచుకుని కాబోలు, మెల్లగా పక్కకి తీసి ఆపాడు. కండక్టరు చెమటలు కక్కుతూ, వెనక్కి తిప్పి అమలాపురం ఆసుపత్రికి పోనిమ్మంటాడు. ఎవరో ముసలాయన జేబులోంచి విభూతి తీశాడు. కెప్టెన్ సీట్ల మీంచి ఎగబాకి వచ్చి నా చెయ్యి పట్టుకుని అదీ ఏడుపు మొదలెట్టింది.

మా అత్తగారు లేచి నిలబడి, గొడుగుతో బస్సు పైకప్పు మీద ఒక్క పోటు పొడిచారు.

"నొప్పులూ లేవు, గిప్పులూ లేవు. ఆవిడకింకా రెండు నెలలుంది. పోనివ్వండి బాబూ బస్సు. అత్తాకోడళ్ళం మాట్లాడుకుంటున్నాం."